గడప దగ్గర మొక్కు

పేరు మరిచిపోయాను గాని, అనంతగిరి కాఫీ తోటల నుంచి వచ్చిన ఆ ముసలాయన గడప దగ్గర ఆగిన తీరు మరవలేదు. నేను ఎమ్మారై తీసే గది గుమ్మంలో, ద్వారబంధానికి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"రా తాతా, బేగి," అన్నాను.

"ఆగండి బాబూ. కొండదేవతకి మొక్కందే మా అయ్య ఏ గడపా దాటడు. ఈమధ్య మొక్కు మరీ పెద్దదైపోనాది," అంది కూతురు గర్వంగా.

తెర మీద ఆయన మెదడు లోపలంతా తెల్లటి మచ్చలు. సన్నటి రక్తనాళాలు ఎప్పటి నుంచో మూసుకుపోతున్నాయి. అలాంటివాళ్ళకి చేతులు బాగానే ఆడతాయి, పాదాలే నేలకు అతుక్కుపోతాయి.

బయటికొస్తూ అదే గుమ్మంలో మళ్ళీ ఆగాడు. పక్కనే కూతురు కూడా చేతులు జోడించింది.

"మొక్కడం నేదే గుంటా," అన్నాడు నేల చూస్తూ. "కాలు రాడం నేదు."

ఆమె జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.