దీపాల గదిలో ఇత్తడి బిళ్ల

పొద్దున పూజ ముగించి హారతి పళ్లెం దించుతుంటే పాల్వంచ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, దీపాల బాబాయి పోయిండే." పళ్లెం పక్కన పెట్టేశాను.

ఆయన మాకు చుట్టం కాదు. గుట్ట మీది బొగ్గుగని కాలనీలో మా పక్క క్వార్టర్ ఆయనది. ఆ ఊరు ఇప్పుడు లేదు. గని మూతపడ్డాక జనం తలోదారి పట్టారు. రేకులు, తలుపులు ఊడదీసుకుపోయారు. మేం చదివిన బడిలో మోదుగ చెట్లు మొలిచాయి. మా చిన్నప్పుడు మాత్రం సైరన్ కూతతోనే అక్కడ పొయ్యిలు వెలిగేవి.

బాబాయి దీపాల గదిలో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఆయనకిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. ఇచ్చిన బిళ్లను ఆయన గోడ మీది కొక్కేనికి తగిలించేవాడు; అది అక్కడే ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు.

ఒక సంతరోజు మొదటి షిఫ్ట్ ముగిసినా నాయన ఇల్లు చేరలేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని గని దగ్గరికి పరుగెత్తింది. అక్కడివాళ్లు నవ్వారు.

"సంతకు పోయిండొదినా! కోడిపుంజు మీద మనసైందంట."

"బిళ్ల ఇంకా కొక్కేనికే ఉన్నది" అన్నాడు బాబాయి.

"దీపం నెత్తికి పెట్టుకునే పోయిండేమోలే. గది మూసి ఇంటికి పోరాదు!"

"సంతల ఉంటే రేపు అందరం నవ్వుకుందాం. లోపలుంటే ఏం జేస్తరు?"

ఆయన గది మూయలేదు. మనుషులు మళ్లీ లోపలికి దిగేదాకా ఊరుకోలేదు. పైకప్పు పెళ్ల విరిగి కాలు మీద పడి, ఆరిపోయిన దీపంతో చీకట్లో కూర్చుని ఉన్నాడట నాయన. మోసుకొచ్చారు. బాబాయి అందరినీ తోసుకొచ్చి, "దవాఖానా తర్వాత. ముందు నీ బిళ్ల పట్టు" అని ఆయన గుప్పిట్లో పెట్టాడు. నాయన కుంటుకుంటూనే మా ముగ్గురి పెళ్లిళ్లు చేశాడు, మనవళ్లను ఎత్తుకున్నాడు. ఆయన పోయాక ఆ బిళ్ల మా పూజగది గోడకు చేరింది.

ఊరు ఖాళీ అయ్యాక కూడా బాబాయి ఏటా కార్తీకంలో మమ్మల్ని గుట్ట ఎక్కించేవాడు. "ఇది మీ వంటిల్లు, అరుగు మీద నువ్వు అక్షరాలు దిద్దినవు" అని చూపించేవాడు. దీపాల గదిలో ఒక గోడే నిలిచి ఉంది, వరసగా తుప్పు కొక్కేలతో. తువ్వాలుతో వాటిని తుడిచేవాడు.

"ఆఖరి రోజు ఒక్క బిళ్ల మిగల్లే బిడ్డా. ఊరు పోయింది గానీ మనుషులందరు ఇంటికి పోయిండ్రు."

"మరి నీ బిళ్లేది బాబాయ్?"

"నేను దిగితే గద!" అని నవ్వాడు.

పాల్వంచ బయలుదేరే ముందు గోడ మీది బిళ్ల తీశాను. పాడె దగ్గర కూర్చుని ఆయన కుడిచేతిలో పెట్టి వేళ్లు మూశాను.

"నాయిన గుర్తు గదక్కా" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"అందుకేరా" అన్నాను.

ఇప్పుడు పూజగదిలో దీపం పెడితే, ఇన్నేళ్ల పొగ సోకని చోట, మేకు కింద గోడ మీద బిళ్లంత తెల్లటి గుండ్రం కనిపిస్తుంది.