నా బిడ్డ చదివిన గేటు బోర్డు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పేవాళ్లు ముందు తమ కష్టం చెప్పుకుంటారు, నేను నా తప్పు చెప్పుకుని మొదలుపెడుతున్నాను. సండే స్కూలు టీచరునైన నేను, నా సొంత బిడ్డ చేత సంఘం ముందు అబద్ధం ఆడించాను.

మాది ఇంద్రేశం. నా భర్త పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తారు. మాకు ఒక్కతే కూతురు, పేరు స్తుతి. పుట్టినప్పుడు ఊపిరి అందక పాప మెదడు ఎదుగుదల నెమ్మదించిందని డాక్టర్లు చెప్పారు. మూడో తరగతికి వచ్చినా ఒక్క అక్షరం గుర్తుపట్టేది కాదు. ఊళ్లో పిల్లలందరికీ వాక్యం నేర్పే టీచరమ్మ బిడ్డకు చదువు రాదంటే ఎంత సిగ్గు! ఉపవాసాలు ఉన్నాను, ప్రార్థన కూటాలన్నీ తిరిగాను, పాప తల మీద నూనె రాయించాను, "ప్రభువా, రేపు లేచేసరికల్లా నా బిడ్డను అందరి పిల్లల లెక్క చెయ్యి తండ్రీ" అని మోకాళ్లు కాయలు కాసేలా ఏడ్చాను. పాప మాత్రం ఎప్పటి పాపగానే నిద్ర లేచేది.

మా సంఘంలో పిల్లల ఆదివారం నాడు ఆరాధన అంతా పిల్లలే నడిపిస్తారు. ఆ ఏడు వాక్యం చదవడానికి నేనే స్తుతి పేరు రాశాను. నెల రోజులు ఒకే వచనం వల్లె వేయించి, అక్షరాల మీద వేలు ఎలా జరపాలో కూడా నేర్పాను. పాప వేలు జరిపింది, వచనం గడగడా చెప్పింది, సంఘమంతా ఆమేన్ అంది, నేను పొంగిపోయాను! అంతలో మా పాస్టరు గారు సంతోషం పట్టలేక, "ఇంకో వచనం గూడ సదువు బిడ్డా" అన్నారు. పాప పేజీ తిప్పి, వేలు పెట్టి, మళ్లీ అదే వచనం చెప్పింది. "గిది కాదమ్మా, కింద వచనం" అంటే మళ్లీ అదే. పిల్లలు నవ్వారు. అందరూ నవ్వుతున్నారని స్తుతి కూడా నవ్వింది.

ఇంటికి తీసుకొచ్చి దాన్ని కొట్టాను సహోదరులారా! ఎందుకు కొడుతున్నానో పాపకు తెలియదు, ఆ వచనం చెబితే అమ్మ సంతోషిస్తుందని మాత్రం తెలుసు, అందుకని ఏడుస్తూనే మళ్లీ ఆ వచనమే చెప్పడం మొదలుపెట్టింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. "ప్రభువా, ఇన్నాళ్లు దానికి బుద్ధినియ్యమని అడిగిన, ఇగ నాకియ్యి" అని ఆ రోజు ప్రార్థించాను.

దేవుడు జవాబు ఎవరి చేత పంపాడో చూడండి! ఇలాంటి పిల్లలకు నేర్పడానికి వారానికోసారి బడికి వచ్చే పద్మ టీచరు గారున్నారు. ఆమె మన విశ్వాసి కారు. ఆమె దగ్గరికి వెళితే బిడ్డ మీద ముద్ర పడుతుందని రెండేళ్లు తప్పించుకు తిరిగాను. ఆ వారం నేనే వెళ్లాను. "అ ఆల కాడికెల్లి ఎందుకమ్మా? పాపకేం ఇష్టమో ముందుగాల గది చెప్పుండ్రి" అన్నారు. కుక్కలంటే ప్రాణమన్నాను. "అయితే కుక్కనే మొదటి పాఠం. రోజుకు పది నిమిషాలే. రాకుంటే మీరే చెప్పుండ్రి, గంతేగాని కసురుకోకుండ్రి" అన్నారు.

నా భర్త పనికిరాని అట్టపెట్టెలు తెచ్చి ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్క మీద ఒక్క మాట, పక్కన బొమ్మ. కుక్క, అన్నం, నాన్న, బస్సు, ఉన్నది. మాట వచ్చాక బొమ్మ తీసేయాలి, ఆ తర్వాత మాటను అక్షరాలుగా కత్తిరించి పాప చేతే మళ్లీ పేర్పించాలి. వారానికి ఒక మాట వచ్చేది, నాలుగు రోజులు జ్వరమొస్తే మూడు మాటలు పోయేవి. నా కోపం సంగతి మీకు తెలుసు, ఆ పది నిమిషాల్లో ఎన్నిసార్లు పళ్లు కొరుక్కుంటూ స్తోత్రం చెప్పానో ఆయనకే తెలుసు!

ఒక ఆదివారం మందిరానికి ఆలస్యమై కొత్త లేఅవుట్‌లోంచి అడ్డదారిన గబగబా నడుస్తున్నాం. ఒక ఇంటి గేటు ముందు పాప ఆగిపోయింది. గుంజినా రాదు. "జల్దీ నడువే!" అని చెయ్యి కూడా ఎత్తాను. పాప గేటు మీది బోర్డు మీద వేలు పెట్టింది. "అమ్మా... కు... క్క. కుక్క. ఉన్నది." లోపలి నుంచి కుక్క భౌమంది! ఆ బోర్డు నేను నేర్పింది కాదు సహోదరులారా, పాప ఆ దారినే ఎప్పుడూ రాలేదు! అక్కడే రోడ్డు మీద మోకరించాను. "గిదేందమ్మా?" అని మూడో మాట చూపించింది. "జాగ్రత్త బిడ్డా" అన్నాను. దారి పొడుగునా జాగ్రత్త, జాగ్రత్త అనుకుంటూ వచ్చింది.

ఆ రోజే పాస్టరు గారి దగ్గర నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన, "వచ్చే పిల్లల ఆదివారం గూడ పాపనే సదువుతదమ్మా. ఏం సదువుతదో నేను రాస్త, నీకు జూపియ్య" అన్నారు.

ఆ ఆదివారం రానే వచ్చింది. పాస్టరు గారు ఒక అట్ట తీసి పాప చేతికిచ్చారు. మూడు మాటలు. విడివిడిగా అప్పటికి పాప నేర్చుకున్నవే, కలిపి ఎన్నడూ చూడనివి. "దే... వుడు. ఇక్కడ..." అని ఆగిపోయింది. ఎంతసేపో! వెళ్లి చెవిలో అందిద్దామనిపించింది, నేను కదల్లేదు, సంఘంలో ఒక్కరూ కదల్లేదు. "ఉ... న్నాడు." మేము ఆమేన్ అనేలోపే పాప వేలెత్తి గట్టిగా అంది, "జాగ్రత్త!"

సంఘమంతా నవ్వింది, స్తుతి నవ్వింది, ఈసారి నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఆ మాట అట్ట మీద లేదు. పోయిన ఏడు అదే చోట బిడ్డ చేత అబద్ధం ఆడించిన నాకు మాత్రం అది సూటిగా తగిలింది.

డాక్టర్లు చెప్పింది ఈ రోజుకీ మారలేదు, పాప తోటి పిల్లల పుస్తకం ఇంకా చదవలేదు, కానీ చదువుతోంది, ఈ నెల కొత్తగా ఆరు మాటలు చదివింది! నా సిగ్గును, నా చేతి దెబ్బను తీసేసిన దేవునికే మహిమ! మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే దాచకండి, ప్రభువును నమ్మి తీసుకురండి. ఆరాధన అయ్యాక మందిరం వరండాలో చాప మీద మేముంటాం, ఇప్పటికి నలుగురు పిల్లలు వస్తున్నారు. అట్టముక్కలు మా దగ్గరున్నాయి, మీ బిడ్డకు ఏదంటే ఇష్టమో అదొక్కటి కనుక్కుని రండి.