కోనసీమని సముద్రం అనుకున్న మోడల్

2021 నవంబరు. అమలాపురంలో మా ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్న రోజులు. ప్రపంచం మొత్తం వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. కొత్త వెర్షన్ తయారైతే దాన్ని పాతదానితో పాటే కొన్నాళ్ళు నడిపి, రెండూ ఏమంటున్నాయో పోల్చి చూస్తాం. దాన్ని ప్యారలల్ రన్ అంటాం.

మోడల్ భూమిని గళ్ళుగా విడగొడుతుంది. ఏ గడి నేల, ఏ గడి నీళ్ళు అని చెప్పే పటం ల్యాండ్-సీ మాస్క్. పాత వెర్షన్‌లో గళ్ళు మరీ పెద్దవి. మా కోనసీమ గడి తెరిచి చూద్దును కదా, సముద్రం అని ఉంది! నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. కొత్తదాంట్లో మాత్రం నేలే.

ఆ సాయంత్రమే ఐనవిల్లి దగ్గర కౌలు చేసే మా మేనమామ ఏసురత్నంగారు ఫోన్ చేశారు.

"చేను కోసేసేనమ్మా, పనల మీదుంది. పచ్చి మీద కుప్పేస్తే వేడెక్కిపోద్ది. రెండ్రోజులు ఆరనియ్యొచ్చంటావా?"

పాతది వానంటోంది, కొత్తది లేదంటోంది. ఏది నమ్మాలో నాకు తెలియలేదు. అయినా ఊరినే సముద్రం అనుకున్నదాని మాట ఏం వింటాం?

"ఆయ్, ఆరనివ్వండి మావయ్యగారూ. వాన లేదండి" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పట్టుకున్న వాన రెండు రోజులు వదల్లేదు. కోసి పరిచిన పనలు నీళ్ళలో నాని గింజ మొలకెత్తింది. సిగ్గుతో నాకు అన్నం సహించలేదు.

పాతది ఎలా చెప్పగలిగిందని మా పై అధికారిని అడిగాను. "అది తెలిసి చెప్పలేదమ్మా, లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు కలిసొచ్చి ఉంటుంది. ప్రపంచమంతా కలిపి చూస్తే కొత్తదే మెరుగు" అన్నారు. నేను వేసిన లెక్కలూ అదే అన్నాయి. కొత్తదాన్నే వాడమని నివేదిక రాశాను. అది సరైన పనో కాదో రాస్తున్నంతసేపూ తెలియలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక మావయ్య చేలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన మొలకలొచ్చిన పన ఒకటి ఎత్తి దులుపుతూ విన్నారు.

"అయితే ఒకటి వానంది, ఒకటి లేదంది. అంతేనా?"

"ఆయ్."

"ఆ ముక్కే చెప్తే సరిపోయేది కదమ్మా. సగం కుప్పేసుకుని బరకం కప్పుకుందును, సగం ఆరేసుకుందును. మేవెప్పుడు అన్నీ తెలిసి వ్యవసాయం చేసేం గనక?"

పంట ఆయనది, తేల్చుకోవలసిందీ ఆయనే. నాకే తెలియని సంగతిని, తెలిసినదానిలా ఆయన తరఫున నేను తేల్చేశాను.