పరిశోధన గడిలో సున్నా

హోసూరు చిన్న వర్క్‌షాపుల్లో కొత్త పద్ధతులు, పరిశోధన ఎంత జరుగుతున్నాయో అడిగి ట్యాబ్‌లో నింపుకురావడం నా పని. ప్రభుత్వ సర్వే, కాంట్రాక్టు ఉద్యోగం. మెకానికల్ డిప్లొమా ఉంది కాబట్టి యంత్రాలు చూస్తే అర్థమవుతాయని నన్ను తీసుకున్నారు. అర్థం కావడంతోనే వచ్చింది ఇబ్బంది.

ఊరి చివర ఒక షెడ్డులో డ్రిల్లింగ్ యూనిట్. యజమానిది కావేరిపట్టణం వైపు. భార్యాభర్తలిద్దరే పనిచేసుకుంటారు. ఒక పెద్ద కంపెనీ పంపే ఇనుప బ్రాకెట్లకు రెండు వైపులా రంధ్రాలు వేయాలి. మామూలుగా అయితే ఒక వైపు వేసి, బిగింపు విప్పి, తిప్పి, కొలత చూసి మళ్ళీ బిగించాలి. ఈయన తయారుచేసిన బిగింపు బ్రాకెట్‌తో సహా తిరుగుతుంది, విప్పే పనే లేదు. అది కుదిరేలోపు చెడినవన్నీ మూలన పడి ఉన్నాయి. ఒకదాని ఇరుసు వంగింది. ఒకటి అదిరి రంధ్రాన్ని సాగదీసింది. ఇంకొకటి ఇనుప పొట్టు దూరి బిగుసుకుపోయింది. పరిశోధన అంటే ఇదేనని నేను చదువుకున్నాను.

"కొత్త పద్ధతి ఏమైనా పెట్టినారా?"

"ఊ, పెట్టినాను. రాసుకో."

"దానికోసం పరిశోధన?"

"ఈడ పరిశోధన యాడిదప్పా? లేదని రాయి."

మూలనున్న కుప్ప చూపించాను. ఆయన లేచి బిగింపు మీద గోనెసంచి కప్పాడు.

"కంపెనీవాళ్ళు వచ్చినా ఇట్లనే కప్పుతాను. పని బిరీన అయితాదని తెలిస్తే మర్నాడే రేటు కోస్తారు. ఒప్పుకోకుంటే ఆర్డరు ఇంగొకరికి పోతాది. మాకుండేదే ఒక్క ఆర్డరు."

సర్వే వివరాలు బయట ఎవరికీ ఇవ్వరని చెప్పాను.

"నువ్వు మంచోడివేప్పా. నువ్వు నొక్కింది యాడికి పోతాదో నీకు తెలుసునా?"

సర్వర్‌కి పోతుందని తెలుసు. ఆ సర్వర్ ఎక్కడుందో, ఎవరు చూస్తారో తెలియదు. పరిశోధన గడిలో సున్నా వేసి పంపాను.

రెండు రోజులకు కృష్ణగిరి నుంచి మా పర్యవేక్షకుడు ఫోన్ చేశాడు. "కొత్త పద్ధతి ఉందంటావు, పరిశోధన లేదంటావు. ఎర్ర గుర్తు చూపిస్తా ఉంది. రెండూ పొసగేట్ల చేసి పంపు."

నాకు లోలోపల సంతోషం కలిగింది. సాఫ్ట్‌వేరే పట్టుకుంది కదా, ఇక ఆయన ఒప్పుకోక తప్పదనుకున్నాను. వెళ్ళి విషయం చెప్పాను. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

"అట్లయితే కొత్త పద్ధతి గూడా లేదని రాయి. అందరి మాదిరే విప్పి బిగిస్తా ఉండాను."

బ్రాకెట్ అంచులు ఆకురాయితో రుద్దుతున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది: "ఇంగ రావద్దప్పా. మళ్ళా వస్తే మిషనే లేదంటాడు. ఆమీట వస్తే పెండ్లామే లేదంటాడు."

ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళు చెప్పిందే రాయాలన్నది మా నిబంధన, చూసింది రాయడానికి గడి లేదు. ఉంటే మాత్రం వాళ్ళ ఒక్క ఆర్డరును పణంగా పెట్టి రాసేవాడినా? 'లేదు' నొక్కాను. ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు వచ్చింది.

సాయంత్రం పర్యవేక్షకుడు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మిగతా యూనిట్లలోనూ ఈ రెండు జవాబులూ పొసిగేలా ముందే సరిచూసి పంపమన్నాడు. సరే సార్ అన్నాను.