బంతిపూల దండ వేసిన కెమెరా

మా ఆయన కిన్వట్ అడవిలో గార్డు. వారమంతా అక్కడే. ఆదివారం నాందేడ్‌లో మా ఇంటికి వచ్చి, బూట్లయినా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చునేవారు. వాగు దగ్గర చెట్టుకు ఒక కెమెరా కట్టారు. తన ముందు ఏది కదిలినా దానంతట అదే ఫొటో తీస్తుంది. దాని కార్డు తెచ్చి, కరెంటు పోయేలోపు అన్నీ చూసెయ్యాలని ఆయన ఆత్రం. నేనిచ్చిన టీ ఎప్పుడూ చల్లారాకే తాగేవారు. పెళ్లాం మొహం కన్నా అడవిపందుల మొహాలే ఇష్టమని దెప్పేదాన్ని.

ఆ ఏడు వానాకాలం చివర్లో ఒక ఆడ ఎలుగుబంటి కనబడింది. పందుల కోసం ఎవరో పెట్టిన ఉచ్చు తీగ దాని ముందుకాలి చుట్టూ చర్మాన్ని కోసేసింది. కాలు పైకెత్తుకొని, వీపు మీద పిల్లను మోస్తూ కుంటుతోంది. అప్పుడు నా చంకలో మా చిన్నది ఉండేది. ఆ ఫొటో చూసి నాకు ఏడుపొచ్చింది. తర్వాత అది మళ్లీ కనబడలేదు. తల్లి పోతే పిల్ల బతకదని ఆయన అన్నం కెలికి వదిలేసేవారు.

ఇంతలో దసరా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో కత్తిపీట, కొడవలి, స్కూటర్, చివరికి కంప్యూటర్ కూడా బొట్టు పెట్టించుకునేవి. మర్నాడు ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే మా అత్త ఆయన చేతిలో బంతిపూల దండ, బెల్లం ముద్ద పెట్టింది.

"నీ అడవిల పెట్టె సుత పనిముట్టే గద బిడ్డా. దానికి పూజ లేకుంటె ఎట్ల?"

ఈయన తల్లి మాట కాదనరు. కెమెరాకు దండ వేసి, బెల్లం దాని మీద పెట్టి వచ్చారు.

ఆదివారం కార్డు పెట్టగానే స్క్రీనంతా పసుపు రంగే. తర్వాతి ఫొటో కూడా అంతే. దండ జారి కెమెరా కంటికి అడ్డం పడింది. గాలికి ఊగినప్పుడల్లా తన ఫొటోనే తీయించుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఏం జేసిండ్రు మీరు? గా ఎలుగు అచ్చి పోయినా మనకెట్ల తెలుస్తది?"

ఆయన ఒక్కో ఫొటో నొక్కుతూ పోయారు. అత్త గుమ్మంలో నిలబడి కొంగు నలుపుకుంటోంది.

"నా వల్లనే గిట్లయింది బిడ్డా."

ఇద్దరినీ చూస్తే నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అప్పుడే ఒక ఫొటోలో పూల మధ్య నల్లటి వెంట్రుకలు కనబడ్డాయి. తర్వాతి దాంట్లో పొడవాటి గోళ్లు, తెగిపోతున్న దండ. ఆ తర్వాత స్క్రీను నిండా తడి ముక్కు, నాలుక. బెల్లం నాకుతోంది.

చివరి ఫొటోలో అది వాగు వైపు వెళ్తోంది. ముందుకాలి చుట్టూ వెంట్రుకలు రాలిన మచ్చ. ఆ కాలు నేల మీద ఆనించే ఉంది. వీపు మీద పిల్ల, పిల్ల నోట్లో బంతిపువ్వు.

"కాలు కింద పెట్టింది," అన్నారు ఆయన.

"మల్ల బెల్లం ఇయ్యాల్నా బిడ్డా?" అత్త అడిగింది.

"వద్దమ్మా, అలవాటైతది."

నేను చిన్నదాన్ని గట్టిగా హత్తుకొని ఆ ఫొటోనే చూస్తూ నిలబడ్డాను. ఆయన కళ్లు తుడుచుకుని పక్కనున్న గ్లాసు అందుకున్నారు. ఆ ఆదివారం టీ వేడిగానే తాగారు.