యాదమ్మ కోపం

ఫినాయిల్ వాసన తగిలితే చాలు, నాకు యాదమ్మ గుర్తొస్తుంది. వెంటనే ఒళ్ళు మండుతుంది. ఆ మంట ఆవిడ మీద కాదు.

హైటెక్ సిటీలో మా ఆఫీసు ఐదో అంతస్తు బాత్రూములు శుభ్రం చేసేది యాదమ్మ. బాచుపల్లి మనిషి, యాభై దాటిన వయసు. అప్పటికి రెండేళ్ళుగా నాకు ఈస్ట్ ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. కూర్చుంటే మంట, నడిస్తే ఒరిపిడి, మీటింగు మధ్యలో పళ్ళు బిగబట్టి ఓర్చుకోవలసిన దురద. కర్నూలులో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెబితే, "పెండ్లి కావాల్సిన పిల్లవి, ఎవురికీ చెప్పొద్దు మే" అంది. నేను మురికిదాన్నేమోనని రోజుకు మూడుసార్లు స్నానం చేసేదాన్ని.

ఒకరోజు బాత్రూములో గోడకు ఆనుకుని ఏడుస్తుంటే యాదమ్మ చూసింది. "ఏందమ్మా, మల్ల గదేనా? చెత్తబుట్టల మందు ట్యూబులు నేనే తీస్తున్న గద. షుగర్ చూపిచ్చుకున్నవా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. ఆవిడ నొచ్చుకోలేదు, కోప్పడింది.

"మా అక్క గిట్లనే సిగ్గుపడి దాసుకున్నది. షుగర్ అని తెలిసేసరికి కాలు తీసేసిన్రు. నీకు సిగ్గెక్కువనా, పానమెక్కువనా?"

ఆ శనివారం కూకట్‌పల్లిలో నేనెప్పుడూ వెళ్ళే డాక్టరమ్మ దగ్గరికి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. డాక్టరమ్మ తలెత్తకుండా, "పెళ్ళయిందా? కాస్త శుభ్రంగా ఉండాలమ్మా" అంటూ మళ్ళీ అదే ట్యూబు రాయబోయింది. యాదమ్మ ఆ చీటీ మీద చెయ్యి పెట్టింది.

"పెండ్లి ముచ్చట గిప్పుడెందుకు డాక్టరమ్మా? రెండేండ్ల సంది తిరుగుతున్నది. పిల్ల శుభ్రంగనే ఉంటది. జర రక్తపరీక్ష రాయున్రి."

రాసింది. షుగర్ మూడు వందలు దాటింది. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. అది అదుపులోకి వచ్చిన కొన్ని నెలలకు ఆ పీడ వదిలింది. కోపం మాత్రం వదల్లేదు. అన్నిసార్లు నన్ను చూసిన ఆ చదువుకున్న మనిషికి ఒక్క చుక్క రక్తం అడగాలని ఎందుకు తోచలేదు?

కసిరినందుకు యాదమ్మను క్షమించమని అడిగాను. "నన్ను తిట్టినవ్, సరే. గా నోరు డాక్టరమ్మ ముంగట ఎందుకు లేవలే?" అంది.

 ఇప్పుడు ఏ డాక్టరైనా నా మాట వినకుండానే చీటీ అందుకుంటే, "ఆగండి, నేను చెప్పడం ఇంకా పూర్తి కాలేదు" అంటాను.