పుట్టి అడుగున గోటి గీతలు

నా చిన్నప్పుడు, మా నాన్నకు ఆదోనిలో బడిపంతులు ఉద్యోగం కొత్తగా వచ్చి ఇల్లు దొరక్క, నన్ను ఒక ఏడాది మా తాతయ్య ఊళ్లో ఉంచారు. ఎమ్మిగనూరు దాటి పోతే తుంగభద్ర ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. నది అవతల కర్ణాటక. మావాళ్లకు అక్కడా చేలుండేవి. వంతెన లేదు కాబట్టి మనుషులు, మూటలు, మేకపిల్లలు అన్నీ పుట్టిలోనే దాటేవి. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, పెద్ద బుట్టలా ఉంటుంది.

ఆ పుట్టీలు అల్లే ముసలాయన్ని నేను పుట్టి తాత అనేదాన్ని. బడి వదలగానే ఆయన దగ్గరికే పరుగు. వెదురు బద్దలను నేల మీద నక్షత్రంలా పరిచి, నడుమ బండరాళ్లు పెట్టి, అంచులను కొద్దికొద్దిగా పైకి వంచుతూ అల్లేవాడు. మోచేయే ఆయనకు కొలబద్ద. అల్లిక పూర్తయ్యాక మిల్లుల నుంచి తెచ్చిన పాత గోనెపట్టలు బయట కప్పేవారు. వాటి మీద కాచిన తారు పూసే పని ఆయన కోడలిది. నన్ను చూస్తే ఆ అక్క పొగలోంచే నవ్వేది.

చూసి చూసి నాకూ ఒక పుట్టి చేయాలనిపించింది. చీపురు పుల్లలతో అరచేయంత పుట్టి అల్లి, గుడ్డపీలిక చుట్టాను. తారు కావాలి. అడగడానికి సిగ్గేసింది. ఒడ్డున కొత్త పుట్టి బోర్లించి ఉంది. దాని అడుగున నడిమధ్య తారు మందంగా కనిపించింది. ఇంత ఉన్నచోట కొంచెం తీస్తే ఏమవుతుందిలే అనుకుని, ఎండకు మెత్తబడిన తారును గోళ్లతో గోనె కనబడేదాకా గీకాను.

మర్నాడు పొద్దున ఆ పుట్టిని మొదటిసారి నీళ్లలోకి దింపారు. పుట్టి తాత తెడ్డు వేస్తుంటే, నలుగురు ఆడవాళ్లు వేరుశనగ విత్తనాల మూటతో బయలుదేరారు. నేను నా బొమ్మపుట్టి పట్టుకుని ఒడ్డునే ఉన్నాను. నది సగం కూడా దాటలేదు, కేకలు వినిపించాయి. అడుగు నుంచి నీళ్లు ఎక్కుతున్నాయి. ఆడవాళ్లు సద్దిగిన్నెలతో నీళ్లు తోడుతుంటే ఆయన ఎలాగో వెనక్కి తిప్పి ఒడ్డుకు చేర్చాడు. మనుషులు బతికారు. విత్తనాలన్నీ నానిపోయాయి. ఆ మూట యజమానురాలు ఇసుకలోనే కూలబడి ఏడ్చింది.

పుట్టి తాత ఒడ్డెక్కగానే కోడలి మీద విరుచుకుపడ్డాడు. "తారు పూసేది నీ పని గదా! కండ్లు యాడ పెట్టుకోని పూసినావు? నలుగురి పానాలు పోతాండె గదా!"

"బాగానే పూసినాను మామా," అని మాత్రం అంది ఆమె. తర్వాత తల దించుకుంది. నా చేతిలోని బొమ్మను వీపు వెనక దాచుకున్నాను.

ఆ రోజు సాయంత్రం పోయి బొమ్మను ఆయన ముందు పెట్టి, ఏడుస్తూ చెప్పాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "అల్లిక బాగానే వచ్చిందే," అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని పెద్ద పుట్టి దగ్గరికి తీసుకెళ్లి, ఆ గీతల్లో నా వేళ్లు పెట్టించాడు. "ఈడ మందం ఎందుకు పూస్తామో తెలుసునా పాపా? ఒడ్డుకొచ్చేటప్పుడు రాయికి ఒరుసుకునేది ఈ చోటే."

తాతయ్యకు చెప్పొద్దని బతిమాలాను. "సెప్పను," అన్నాడు.

మర్నాడు అదే ఒడ్డు, అవే మొహాలు. పుట్టి తాత తలపాగా తీసి చేత పట్టుకుని, కోడలికి ఎదురుగా నిలబడ్డాడు. "నిన్న సూడకుండానే నిన్ను అంత మాట అన్నాను తల్లీ. తప్పు నాది. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే సెప్తాండాను." మామ కోడలికి అలా చెప్పడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. అందరూ బిత్తరపోయారు. ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నా మనసు పోరుతూనే ఉంది. చెప్పలేదు.

జనం వెళ్లిపోయాక ఆ అక్క నన్ను దగ్గరికి పిలిచింది. నా గోళ్లలో ఇరుక్కున్న నల్లటి తారును కిరసనాయిలు గుడ్డతో నెమ్మదిగా తుడిచింది. "ఈసారి బొమ్మ చేసుకునేకి కావాలంటే నన్నడుగు, ఇస్తాను," అంది. అంతే. ఎవరు గీకారని అడగలేదు. ఆమెకు తెలుసు.

ఆ ఏడాది చివర నేను ఆదోని వెళ్లిపోయాను. తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను. పాత చెక్కపడవలు దాచిన మ్యూజియం ఎక్కడున్నా వెళ్లి చూస్తాను. అందరూ నగిషీలు, తెరచాపలు చూస్తుంటే నేను మోకాళ్లు వంచి అడుగుభాగం చూస్తాను. ఎక్కడ మందం పెంచారో, ఏ అతుకు దగ్గర ఎవరు ఎంత సేపు కూర్చుని ఉంటారో చూస్తాను. ఒకసారి అలాంటి చోట అద్దం వెనక ఒక పుట్టి కనిపించింది. పక్కన పలక మీద అల్లిన ప్రాంతం రాశారు, వెదురు రకం రాశారు. తారు పూసినవాళ్ల సంగతి లేదు.

బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక పిల్లను తరగతిలో అందరి ముందు పొరపాటున తిడితే, అందరి ముందే నా తప్పు ఒప్పుకున్నాను. ఇంట్లోనూ అంతే. ఆ పద్ధతి పుట్టి తాత దగ్గర నేర్చుకున్నదే. కానీ ఆ అక్కకు నలుగురిలో నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది.